తలసరి రుసుము నుంచి నాణ్యతా పాయింట్ల దాకా: బ్రిటన్ ప్రాథమిక వైద్యంలో ప్రభుత్వ చెల్లింపుల చరిత్ర

వ్యాససంగ్రహం:

ప్రాథమిక వైద్యునికి ప్రభుత్వం దేనికి డబ్బు చెల్లించాలన్న ప్రశ్నకు బ్రిటన్ 1911 నుంచి పలుమార్లు పలు సమాధానాలు చెప్పుకుంది. మనిషి తలకింత అన్న లెక్కతో మొదలై, 2004 నాటికి రోగి రక్తపోటు అంకెకింత అన్న లెక్క దాకా ఆ ప్రయాణం సాగింది. చెల్లింపు పద్ధతి మారినప్పుడల్లా వైద్యుని పనిలో ఏది పెరిగింది, ఏది తరిగింది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అమెరికా మెడికేర్ అనుభవాన్ని, తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ తర్వాతి పరిణామాలను అవసరమైన మేరకు ప్రస్తావిస్తుంది.

కీలకపదాలు: ప్రాథమిక వైద్యం, తలసరి చెల్లింపు, ఫలితాధారిత చెల్లింపు, బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ, జూలియన్ ట్యూడర్ హార్ట్, ఆరోగ్యశ్రీ.

1. ఉపోద్ఘాతం:

వైద్యునికి డబ్బు ప్రధానంగా మూడు దారుల్లో అందుతుంది. చేసిన ప్రతి పనికీ రుసుము తీసుకోవడం ఒకటి. పని ఎక్కువైనా తక్కువైనా నెల తిరిగేసరికి జీతం అందుకోవడం రెండోది. తన వద్ద పేరు నమోదు చేసుకున్న ఒక్కొక్క మనిషికి ఏడాదికింత అని, ఆ మనిషి జబ్బుపడినా పడకపోయినా, తీసుకోవడం మూడోది. దీన్నే ఈ వ్యాసంలో తలసరి చెల్లింపు అంటున్నాను.

ఈ మూడో దారి తెలుగునేలకు బొత్తిగా తెలియనిది కాదు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి ఇచ్చిన మేర ఈ కోవలోదే. మంగలి కుటుంబాల్లోని పురుషులు పుండ్లకు కట్లు కట్టడం, స్త్రీలు మంత్రసానులుగా పురుళ్లు పోయడం అనేక గ్రామాల్లో ఆ మేరలోనే కలిసిపోయేవి. ఇన్ని కట్లకు ఇంత అన్న లెక్క ఉండేది కాదు. అయితే మేర వెనుక కులాధిపత్యం ఉంది. కొలిచి పోసేవాడిదే పైచేయి. కాబట్టి పోలిక చెల్లింపు రూపం వరకే పరిమితం.

గత నాలుగు దశాబ్దాలుగా ప్రభుత్వాలు వెతుకుతున్నది నాలుగో దారి. వైద్యం వల్ల కలిగిన మేలును కొలిచి, ఆ కొలతను బట్టి చెల్లించడం దాని ఉద్దేశం. పత్రికలు దీన్ని ‘విలువ ఆధారిత వైద్యం’ అని అనువదిస్తున్నాయి. తెలుగులో ‘విలువ’ ఏకవచనంలో ధరకు, బహువచనంలో నీతికి దగ్గరగా ఉంటుంది. ఆర్థికవేత్తల ఉద్దేశం ఈ రెండూ కావు. పెట్టిన ఖర్చుకు రోగి ఆరోగ్యంలో ఎంత మెరుగుదల వచ్చిందన్న నిష్పత్తిని వారు ఆ మాటతో సూచిస్తారు. ఆ అర్థం తెలుగు పదంలో పలకదు గనుక ‘ఫలితాధారిత చెల్లింపు’ అన్న మాటనే ఇక్కడ వాడుతున్నాను.

2. క్లబ్బు డాక్టర్లు, 1911 చట్టం:

పందొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో కార్మికులు పరస్పర సహాయ సంఘాలుగా ఏర్పడి, సభ్యుడికి ఏడాదికి కొద్దిపాటి మొత్తం చొప్పున ఒక వైద్యుణ్ణి కుదుర్చుకునేవారు. ఇలా కుదిరిన వారిని ‘క్లబ్బు డాక్టర్లు’ అనేవారు. నియమించేదీ తొలగించేదీ సంఘమే. చదువుకున్న వైద్యులు కార్మికుల కమిటీ ముందు నిలబడి జవాబు చెప్పుకోవలసి రావడం ఆనాటి వైద్యవర్గానికి మింగుడుపడలేదు.

లాయిడ్ జార్జ్ తెచ్చిన 1911 జాతీయ బీమా చట్టం ఈ ఏర్పాటునే ప్రభుత్వపరం చేసింది. కార్మికుడు వారానికి 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వం 2 చెల్లించే పద్ధతి ఏర్పడింది. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ తీవ్రంగా ప్రతిఘటించింది. ప్రభుత్వం తలసరి మొత్తాన్ని పెంచగానే, సంఘాల అజమాయిషీ తప్పించగానే, 1913 జనవరిలో వైద్యసేవలు మొదలయ్యే నాటికి వైద్యులు వేల సంఖ్యలో జాబితాల్లో చేరిపోయారు. పట్టువిడుపుల ఈ క్రమం తర్వాతి వందేళ్లలో దాదాపు ప్రతి సంస్కరణకూ పునరావృతమైంది.

చట్టం పరిధి చిన్నది. వేతనం పొందే కార్మికుడికే వైద్యం. అతని భార్యకు, పిల్లలకు లేదు. ప్రసవ భత్యంగా 30 షిల్లింగులు ఇచ్చారు గాని, ఇంట్లో ఉన్న స్త్రీ జ్వరానికి వైద్యుణ్ణి పిలిస్తే రుసుము చెల్లించవలసిందే. తలసరి చెల్లింపులో ఎవరి తలను లెక్కలోకి తీసుకుంటారన్నది మొదటి నుంచీ రాజకీయ ప్రశ్నే.

3. 1948, ఆ తర్వాత:

1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభం కావడంతో ప్రతి తలా లెక్కలోకి వచ్చింది. ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్ ఆసుపత్రులను జాతీయం చేసినా, ప్రాథమిక వైద్యులను ఉద్యోగులుగా మార్చలేకపోయాడు. జీతగాళ్లమైపోతామన్న వారి భయం అంత బలమైనది. చట్టసభ ఆమోదం లేనిదే పూర్తి జీతపు పద్ధతిని తీసుకురాకూడదన్న హామీని 1949 సవరణ చట్టంలో చేర్చవలసి వచ్చింది. ఫలితంగా కుటుంబవైద్యులు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న స్వతంత్రులుగా, తలసరి మొత్తంతో కొనసాగారు.

ఇక్కడొక చిక్కు ఉంది. మనిషికింత అని ముందే ఇచ్చేస్తే, ఆ మనిషికోసం చేసే ఖర్చు ఎంత తగ్గితే వైద్యునికి అంత మిగులు. గది అద్దె, నర్సు జీతం, పరికరాలు అన్నీ వైద్యుని జేబులోంచే. ఖర్చుల భర్తీ దేశవ్యాప్త సగటును బట్టి జరగడంతో, మంచి గది కట్టి నర్సును పెట్టుకున్న వైద్యుడు నష్టపోయాడు. ఇరుకు గదిలో ఒంటరిగా రోగులను పంపించేసినవాడు లాభపడ్డాడు. 1950లో జోసెఫ్ కోలింగ్స్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు లాన్సెట్ పత్రికలో ప్రచురించిన సర్వే పారిశ్రామిక ప్రాంతాల్లోని వైద్యశాలల దుస్థితిని నిర్మొహమాటంగా బయటపెట్టింది. కోలింగ్స్ చూపినదాన్ని వ్యక్తుల నిర్లక్ష్యంగా చదవడం సులువు. చెల్లింపు పద్ధతితో కలిపి చదివితే, ఆ గదులు అలా ఉండటానికి వ్యవస్థే డబ్బిచ్చిందని తెలుస్తుంది.

1965లో వేలాదిమంది కుటుంబవైద్యులు తేదీ వేయని రాజీనామా పత్రాలను తమ సంఘానికి అప్పగించారు. ఆరోగ్యమంత్రి కెనెత్ రాబిన్సన్ స్వయంగా ఒక కుటుంబవైద్యుని కుమారుడు. ఆయన కుదిర్చిన 1966 ఒప్పందం చరిత్రలో తగినంత గుర్తింపు పొందలేదని నా అభిప్రాయం. సహాయక సిబ్బంది జీతంలో 70 శాతం, వైద్యశాల అద్దె మొత్తం ప్రభుత్వమే తిరిగి ఇచ్చింది. కలిసి పనిచేసే వైద్య బృందాలకు అదనపు భత్యం లభించింది. ఫలితాన్ని కొలిచే మాటే అందులో లేదు. మంచి వైద్యానికి అవసరమైన సరంజామాకు డబ్బిచ్చి, మిగతాది వైద్యునికి వదిలేశారు. కుటుంబవైద్యుని పక్కన నర్సు, గుమాస్తా, దస్త్రాల బీరువా కనిపించడం మామూలు దృశ్యమైంది ఈ ఒప్పందం తర్వాతే.

ఈ కాలంలోనే భారత ఉపఖండపు వైద్యులు బ్రిటన్ ప్రాథమిక వైద్యంలో గణనీయమైన భాగమయ్యారు. వారిలో మన వైద్యకళాశాలల పట్టభద్రులూ ఉన్నారు. భారతీయ పట్టాలకు అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ గుర్తింపు 1975 దాకా కొనసాగింది. వైద్యులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కొత్తవారికి అనుమతి దొరికేది కాదు. ఆసుపత్రుల్లో పై పదవులు అందని వలస వైద్యులు, స్థానిక వైద్యులు ఇష్టపడని గనుల లోయలకు, పారిశ్రామిక నగరాల పేదవాడలకు చేరారు. తలసరి లెక్క అక్కడ వారికి బతుకుతెరువిచ్చింది. కాని పేదవాడలోని తల, సంపన్న శివారులోని తల ఒకే ధర పలికేవి. జబ్బు మాత్రం రెండుచోట్లా ఒకటే కాదు.

4. గ్లిన్‌కోరుగ్ దస్త్రాలు:

ఈ అసమానతకు పేరు పెట్టినవాడు జూలియన్ ట్యూడర్ హార్ట్. దక్షిణ వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని గ్రామంలో 1960ల ఆరంభం నుంచి వైద్యం చేసిన ఈయన 1971 ఫిబ్రవరిలో లాన్సెట్‌లో ‘విలోమ వైద్య సూత్రం’ ప్రకటించాడు. మంచి వైద్యం దాని అవసరం ఎక్కువున్న చోట తక్కువగా, అవసరం తక్కువున్న చోట ఎక్కువగా దొరుకుతుందన్నది దాని సారం. వైద్యం మార్కెట్ శక్తులకు లోబడిన కొద్దీ ఈ సూత్రం మరింత బలంగా పనిచేస్తుందని కూడా ఆయన అన్నాడు. తెలుగులో ఆరోగ్య విధానాలపై వచ్చే వ్యాసాల్లో ఈ సూత్రం తరచు కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న రోజువారీ పని మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. మన చర్చకు అసలు ముఖ్యం అదే.

హార్ట్ తన గ్రామంలో పెద్దవయసు వారందరి రక్తపోటునూ కొలవాలని సంకల్పించాడు. 1960లలో ఇది అసాధారణం. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి చాలాకాలం ఏ బాధా తెలియదు. తెలియనప్పుడు వైద్యుని దగ్గరకు రారు. రానివారి కోసం వెతకడానికి వైద్యునికి ఎవరూ డబ్బివ్వరు. దగ్గుకో, గాయానికో, ధ్రువపత్రానికో వచ్చిన ప్రతి మనిషికీ ఆయన రక్తపోటు చూశాడు. ఇంకా ఎవరికి చూడలేదో జాబితా రాసుకున్నాడు. ఆ జాబితా పట్టుకొని మిగిలినవారిని వెతికాడు. గ్రామమంతా ఆయన వద్దే నమోదై ఉండటం వల్లనే ఇది సాధ్యమైంది. అంటే రోగి వచ్చినప్పుడు మాత్రమే కాకుండా రానప్పుడు కూడా వైద్యుని లెక్కలో ఉండే అవకాశాన్ని తలసరి నమోదు కల్పించింది. అదే నమోదు ఇతర వైద్యులకు చేతులు ముడుచుకునే వీలు కూడా కల్పించిందని కోలింగ్స్ సర్వే ఇదివరకే చూపింది. పద్ధతి ఒక్కటే, ఫలితాలు రెండు.

పాతికేళ్ల పని ఫలితం 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అలాంటి వైద్యం జరగని పొరుగు గ్రామంతో పోలిస్తే, 65 ఏళ్లలోపు మరణాల రేటు గ్లిన్‌కోరుగ్‌లో 28 శాతం తక్కువగా తేలింది. రెండు చిన్న గ్రామాల పోలిక గనుక ఆ అంకెను అతిగా సాగదీయకూడదు. అయినా ప్రభుత్వ విధానకర్తలకు అది ఒక ఆశ చూపింది: హార్ట్ ఊరికే చేసిన పనిని డబ్బిచ్చి అందరు వైద్యుల చేతా చేయించవచ్చా?

5. లక్ష్యాలు, పాయింట్లు:

తొలి ప్రయత్నం 1990లో జరిగింది. ఆరోగ్య మంత్రి కెనెత్ క్లార్క్ వైద్యుల అంగీకారం లేకుండానే కొత్త ఒప్పందాన్ని అమలు చేశాడు. పిల్లల టీకాలు 90 శాతానికి చేరితే పెద్ద మొత్తం, 70 శాతానికి చేరితే చిన్న మొత్తం, అంతకు దిగువన ఏమీ లేదు. స్త్రీల గర్భాశయ ముఖద్వార పరీక్షకు 80, 50 శాతాల మెట్లు పెట్టారు. టీకాల శాతం పెరిగింది. ఆరోగ్య ప్రచార క్లినిక్కులకు సభకింత అని ఇచ్చిన రుసుము మాత్రం ఎవరికి ఉపయోగపడుతోందో తేలక కొద్ది ఏళ్లకే రద్దయింది.

2004 ఒప్పందం స్థాయి వేరు. క్వాలిటీ అండ్ అవుట్‌కమ్స్ ఫ్రేమ్‌వర్క్ పేరుతో 146 సూచికలు, 1,050 పాయింట్లు ఏర్పడ్డాయి. వాటిలో 550 పాయింట్లు పది వ్యాధుల చికిత్సకు సంబంధించినవి. సగటు వైద్యశాలకు మొదటి ఏడాది పాయింటుకు 75 పౌండ్లు. ఒక ఉదాహరణ చూద్దాం. అధిక రక్తపోటు ఉన్న రోగుల్లో 25 శాతం మందికి అది 150/90కి లోబడి ఉంటే చెల్లింపు మొదలవుతుంది. 70 శాతానికి చేరేసరికి 56 పాయింట్లూ పూర్తవుతాయి. హార్ట్ చేతిరాత జాబితా ఇక్కడ కంప్యూటరు తెరమీద ధరపట్టికగా మారింది.

వైద్యులు సుమారు 75 శాతం పాయింట్లు సాధిస్తారని ప్రభుత్వం అంచనా వేసింది. మొదటి ఏడాదే ఇంగ్లండులో సగటు 958.7 పాయింట్లకు, అంటే 91 శాతానికి చేరింది. ఖజానాకు అది ఊహించని భారం. లక్ష్యాలు మరీ సులువుగా పెట్టారని కొందరు, వైద్యులు నిజంగా కష్టపడ్డారని కొందరు వాదించారు. స్టీఫెన్ క్యాంప్‌బెల్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ వివాదానికి కొంత స్పష్టత ఇచ్చింది. వైద్యంలో నాణ్యత 2004కు ముందే పెరుగుతూ వస్తోంది. కొత్త చెల్లింపుతో మధుమేహం, ఉబ్బసం విషయంలో ఆ వేగం కొంతకాలం హెచ్చింది. లక్ష్యాలు చేరగానే మందగించింది. డబ్బు ముడిపడని అంశాల్లో నాణ్యత తగ్గింది. రోగి ఎప్పుడూ చూపించుకునే వైద్యుణ్ణే కలవగలగడం, అంటే వైద్యంలోని నిరంతరత, కొత్త పద్ధతి రాగానే పడిపోయి మళ్లీ కోలుకోలేదు. పేద, సంపన్న ప్రాంతాల వైద్యశాలల మధ్య అంతరం తగ్గడం దీని ఖాతాలో వేయవలసిన గట్టి మేలు. విలోమ వైద్య సూత్రాన్ని ఇంత స్పష్టంగా సవాలు చేసిన చర్య అంతకుముందు లేదు. కాని 2016లో లాన్సెట్‌లో వచ్చిన అంతర్జాతీయ పోలిక, లక్షిత వ్యాధుల మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల ఏదీ దీనివల్ల కనిపించలేదని తేల్చింది.

కొలత మనుషుల ప్రవర్తనను ఎలా వంచుతుందో చూపడానికి రెండు సంఘటనలు చాలు. రోగి 48 గంటల్లోగా వైద్యుణ్ణి కలవగలగాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టింది. లెక్క చెడకూడదని కొన్ని వైద్యశాలలు రెండు రోజులకు మించి ముందుగా సమయం ఇవ్వడమే మానేశాయి. వచ్చే వారానికి సమయం కావాలన్న రోగికి, ఆ రోజు పొద్దున్నే ఫోను చేయండి అన్న సమాధానం వచ్చేది. 2005 ఎన్నికల వేళ ఒక టెలివిజన్ కార్యక్రమంలో ప్రేక్షకురాలు ఈ సంగతి అడిగితే ప్రధాని టోనీ బ్లెయిర్ ఆశ్చర్యపోయాడు. రెండోది 2014 నాటిది. కొత్తగా గుర్తించిన ప్రతి మతిమరుపు వ్యాధిగ్రస్తుడికీ 55 పౌండ్ల చొప్పున వైద్యశాలకు ఇస్తామని ఇంగ్లండు ఆరోగ్య సేవ ప్రకటించింది. రోగి తలమీద వెల కడుతున్నారన్న ఆగ్రహం వెల్లువెత్తి, ఆ పథకం నెలల్లోనే ముగిసింది. రక్తపోటు అంకెకు డబ్బిస్తే అభ్యంతరం చెప్పని సమాజం, రోగ నిర్ధారణకు డబ్బిస్తే ఎందుకు ఉలిక్కిపడిందన్నది ఆసక్తికరం. నిర్ధారణ అనేది రోగి, వైద్యుల మధ్య మాట. అందులో మూడో మనిషి డబ్బు కనిపించడం నమ్మకాన్ని తాకిందని నేను భావిస్తున్నాను.

స్కాట్లండు 2016 ఏప్రిల్‌లో పాయింట్ల పద్ధతిని పూర్తిగా రద్దుచేసింది. ఇంగ్లండులో అది తగ్గిన రూపంలో కొనసాగింది. తర్వాతి పరిశీలనల్లో, ఇంగ్లండుతో పోలిస్తే స్కాట్లండులో నమోదైన సూచికల్లో ఎక్కువభాగం క్షీణించాయి. క్షీణించింది వైద్యమా, వైద్యాన్ని నమోదుచేసే శ్రద్ధా అన్నది దస్త్రాల నుంచి తేల్చుకోవడం కష్టం. డబ్బు కోసం రాసిన దస్త్రాన్ని చరిత్రకు ఆకరంగా వాడేవారందరికీ ఎదురయ్యే ఇబ్బందే ఇది. శిస్తు లెక్కల నుంచి గ్రామచరిత్ర రాసేవారికి దీన్ని వివరించనక్కరలేదు.

6. అమెరికా మార్గం:

అమెరికా ఎదురు దిక్కు నుంచి బయలుదేరింది. 1965లో వచ్చిన మెడికేర్ వృద్ధుల వైద్యానికి, చేసిన ప్రతి పనికీ వాడుకలో ఉన్న రుసుము చెల్లించింది. 1992లో హార్వర్డ్ ఆర్థికవేత్త విలియం షావ్ బృందం రూపొందించిన సాపేక్ష విలువల పట్టిక అమల్లోకి వచ్చినా, కోత, కుట్టు, పరికరాల వైద్యానికి దక్కిన రుసుము ముందు కూర్చొని మాట్లాడే వైద్యుని పని వెలవెలబోయింది. 2010 ఆరోగ్య చట్టం ఏర్పరచిన ఇన్నొవేషన్ సెంటర్ 2012లో ఏడు ప్రాంతాల్లో, 2017 నుంచి విస్తరిస్తూ 18 ప్రాంతాల్లో, ప్రాథమిక వైద్యశాలలకు రుసుముతోపాటు నెలనెలా తలసరి మొత్తం ఇచ్చి చూసింది. అదనపు చెల్లింపులను కలిపి లెక్కిస్తే మొత్తం ఖర్చు తగ్గలేదు. 2024 జూలైలో ఎనిమిది రాష్ట్రాల్లో పదిన్నరేళ్ల కోసం మొదలైన మేకింగ్ కేర్ ప్రైమరీ పథకాన్ని 2025 చివరికే ముగిస్తున్నట్లు ప్రకటించారు. గ్లిన్‌కోరుగ్ ఫలితం తేలడానికి పాతికేళ్లు పట్టింది. నాలుగైదేళ్లలో పొదుపు చూపమని ప్రాథమిక వైద్యాన్ని అడగడం మామిడిమొక్క నాటిన ఏడాదే కాయలు అడగడం వంటిది.

7. తెలుగు రాష్ట్రాల సందర్భం:

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ చెల్లింపు చరిత్రలో ఒక విలక్షణ ఘట్టం. నిర్ణీత శస్త్రచికిత్సకు నిర్ణీత ప్యాకేజీ ధర. పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కగలిగాడు. ఆ మేలును తక్కువ చేయలేం. కాని డబ్బు వెళ్లినవైపే వైద్యం వెళ్లింది. గుండె శస్త్రచికిత్సకు ధర ఉంది. దానికి ఇరవయ్యేళ్ల ముందు రక్తపోటు కొలిచినందుకు ధర లేదు. అనవసరంగా గర్భసంచులు తొలగిస్తున్నారన్న విమర్శలు కూడా ఈ చెల్లింపు పద్ధతి నేపథ్యంలోనే వచ్చాయి.

గ్రామస్థాయిలో పనికి ముడిపెట్టిన చెల్లింపు 2005 జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తల ద్వారా ప్రవేశించింది. జీతం లేదు, ఆసుపత్రి ప్రసవానికింత, టీకాకింత అని ప్రోత్సాహకం. బ్రిటన్ వైద్యులు తమ ఆదాయంలో ఒక భాగాన్ని మాత్రమే పాయింట్లకు ముడివేసుకోగా, మన వ్యవస్థ అట్టడుగున ఉన్న స్త్రీ ఆదాయంలో అధికభాగాన్ని లెక్కలకు ముడివేసింది. నష్టభయం మోయగలిగినవాడిపై తక్కువగా, మోయలేనివారిపై ఎక్కువగా పడింది. ఆశాల ఆందోళనల్లో స్థిరవేతనం డిమాండు మళ్లీ మళ్లీ వినిపించడానికి కారణం వేరే వెతకనక్కరలేదు.

2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను ఆరోగ్య, స్వస్థతా కేంద్రాలుగా మార్చినప్పుడు, వాటిలో నియమితులైన మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందికి స్థిర వేతనంతోపాటు నెలకు 15,000 రూపాయల వరకు పనితీరు ప్రోత్సాహకాన్ని కేంద్ర మార్గదర్శకాలు సూచించాయి. ఎంతమందిని చూశారు, ఎంతమందికి రక్తపోటు, మధుమేహ పరీక్షలు జరిపారు, గుర్తించినవారిలో ఎంతమంది మందులు కొనసాగిస్తున్నారు వంటి అంశాలు అందులో లెక్కకు వస్తాయి. బ్రిటన్‌లో ఇలాంటి లెక్క 1948 నుంచి అమల్లో ఉన్న సార్వత్రిక నమోదు మీద నిలిచింది. మన గ్రామంలో అదే రోగి ఒకరోజు ఉపకేంద్రానికి, మరొకరోజు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరకు, పరిస్థితి విషమిస్తే పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రికి వెళతాడు. ఏ ఒక్కరి జాబితాలోనూ అతడు పూర్తిగా లేడు. హార్ట్ పని ఇంకా ఎవరికి కొలవలేదో ఆ పేర్ల జాబితాతో మొదలైంది. ఇక్కడి నెలవారీ నివేదికల్లో కొలిచినవారి సంఖ్యకు గడి ఉంది. కొలవనివారి పేర్లు గ్రామంలో ఎవరి దగ్గర ఉన్నాయి, ఆ పేర్లు రాసి ఉంచే పని ఎవరి వేతనంలో భాగం అన్న అంశంపై క్షేత్రస్థాయి పరిశోధన జరగవలసి ఉంది.